మల్లెమొక్కకు కట్టిన సీసా

"రాసేటప్పుడు నీ చెయ్యి వణకలేదటే?"

మహాలక్ష్మి ఆ మాట అడగడం పొద్దుటినుంచి ఇది మూడోసారి. మొదటిసారి స్టవ్ దగ్గర నిలబడి అడిగింది. రెండోసారి పెరట్లో బట్టలు పిండుతూ గోడవైపు తిరిగి అడిగింది. ఇప్పుడు కూతురి కంచం ముందుకు వచ్చి నిలబడి అడిగింది.

హరిత ఉప్మా కెలుకుతోంది. ఒక్క ముద్ద కూడా నోటికి పోలేదు.

"వణికింది. వణికినా రాశా."

"కన్నతల్లి పేరు!"

"బండి కాగితంలో గడి ఉందమ్మా. బండి రాకముందు ఎవరన్నా వైద్యం చేశారా, చేస్తే ఎవరు, ఏం ఇచ్చారు అని. ఆ గడి ఖాళీగా వదిలేస్తే పెద్దాసుపత్రిలో డాక్టరుకి ఏం తెలిసిద్ది?"

"ఎవరో ఆరెంపీ అని రాయొచ్చుగా. పిడుగురాళ్లలో ఆరెంపీలకేమన్నా కరువా?"

"ఎవరి పేరు రాయమంటావు? వాళ్లకి మాత్రం పిల్లలు లేరా?"

మహాలక్ష్మికి ఇంకా మండింది. కంచం లాగేసుకుని సింకులో పడేసింది. అది తిరిగి తిరిగి చప్పుడు చేసి, ఎప్పటికో ఆగింది.

నిన్న మధ్యాహ్నం రెండు గంటలకు అదే వీధిలో ఉండే సున్నం బట్టీ కూలీ పిచ్చియ్య ఇంటిముందు 108 బండి ఆగింది. అందులో అత్యవసర వైద్య శిక్షణ కోసం తిరుగుతున్న హరిత దిగింది. సొంత వీధిలో, మావయ్యా అని పిలిచే మనిషి ఇంట్లో, గోడమేకుకి వేలాడుతున్న సెలైన్ సీసా చూసింది. సీసా పెట్టింది ఎవరని బండి నడిపే బెంజిమిన్ అడిగితే, పిచ్చియ్య భార్య నాగమ్మ ఏడుస్తూనే, "మీ అమ్మేగా" అని హరిత వంక చేయి చూపించింది.

ఇప్పుడు పిచ్చియ్య నరసరావుపేటలో, మొహానికి ఆక్సిజన్ మాస్కుతో ఉన్నాడు.

పొద్దున ఏడింటికల్లా అమరేశ్వరరావు డాక్టరు ఫోన్ చేశాడు. పద్దెనిమిదేళ్లుగా మహాలక్ష్మి పనిచేస్తున్న నర్సింగ్ హోమ్ ఆయనది. ఆయన గొంతు పెంచలేదు. గొంతు పెంచి తిట్టినా ఆమెకింత కష్టంగా ఉండేది కాదు.

"మహాలక్ష్మమ్మా, ఇవ్వాళ్టినించి డ్యూటీకి రాబాకు. ఎవరన్నా అడిగితే మా ఆసుపత్రి పేరు ఎత్తొద్దు. నువ్వు మా దగ్గర ఆయావి. రిజిస్టర్లో అట్టాగే ఉంది. ఇక ఆ పరీక్ష లెటరంటావా, దాని సంగతి మర్చిపో."

ఆయా!

కాన్పుల గదిలో ఎన్ని రాత్రులు నిలబడిందో లెక్కలేదు. డిగ్రీలు చదివి వచ్చిన అమ్మాయిలకు పసిబిడ్డ చేతిలో నరం దొరక్కపోతే, "ఆంటీ, ఒకసారి రావా" అని పిలిచేది ఆమెనే. కానీ పైనుంచి తనిఖీవాళ్లు వస్తున్నారని కబురు వచ్చిందంటే చాలు, మహాలక్ష్మి తెల్లకోటు విప్పి ఆయాల ఆకుపచ్చ చీర కట్టుకోవాలి. తడిగుడ్డ కర్ర పట్టుకుని మెట్ల కింద నిలబడాలి. వాళ్లు వెళ్లిపోయాక మళ్లీ కోటు. పద్దెనిమిదేళ్లలో ఎన్నిసార్లు కట్టిందో ఆ చీర!

ఆ చీర ఇంకెప్పుడూ కట్టకూడదనే ఆమె నలభై నాలుగేళ్ల వయసులో నోటుబుక్కు పట్టుకుంది. పని వచ్చి, కాగితం లేనివాళ్ల కోసం నరసరావుపేటలో ఆరు నెలల శిక్షణ. ఆదివారాల్లో తరగతులు. దరఖాస్తు నింపింది హరిత. బుక్కుకి అట్ట వేసిందీ హరితే. వచ్చే బేస్తవారం ప్రాక్టికల్ పరీక్ష. తను ఇన్నేళ్లూ నర్సింగ్ పనే చేసిందని డాక్టరు రాసిచ్చిన లెటర్ ఉంటేనే లోపలికి రానిస్తారు.

"నీ కళ్లు చల్లబడ్డయ్యా?" అంది మహాలక్ష్మి. "బేస్తవారం పోయింది. ఉద్యోగం పోయింది. ఇంక ఇంట్లో కూకుని నీకు జడలేస్తా."

"పిచ్చియ్య మావయ్య ఊపిరి పోయేదమ్మా నిన్న. దాని గురించి ఒక్క మాట అడిగావా నువ్వు? పొద్దుటినించి నీ పేరు, నీ లెటరు, నీ పరీక్ష."

"అడగటానికి నువ్వు రాత్రి నోరు తెరిచావా? మూతి ముడుచుకుని పడుకున్నావు."

"ఏం చెప్పమంటావు? గుమ్మంలోకి పోయేసరికి నోటెంట నురగ. పడుకోబెట్టి ఉంచారు. లేపి కూర్చోబెట్టా. మోకాళ్ల దాకా సున్నం. తడిగుడ్డతో తుడిచి చీలమండ దగ్గర బొటనవేలు పెట్టి నొక్కా. వేలు దిగిపోయిందమ్మా! తీసినా ఆ గుంట అట్టాగే ఉంది."

మహాలక్ష్మి మొహం తిప్పుకుంది.

"తెలియక చేసుంటే నాకింత మంట ఉండేది కాదు," అంది హరిత. "పేట తరగతిలో కాలేషా సార్ చెప్పిందేగా అది? నువ్వే ఇంటికొచ్చి నాకు చెప్పావు. నీ బుక్కులో నీ చేత్తో రాసుకున్నావు."

చెప్పింది. రాసుకుంది. అంతకుముందు ఆదివారమే ఆ పాఠం. ఆయాసం ఉన్న మనిషికి ముందు కాళ్లు చూడమన్నాడు కాలేషా సార్. వాపు ఉండి, నొక్కితే గుంట పడితే గుండె అలిసిపోయిందని అర్థం, అప్పుడు సెలైన్ జోలికి పోవద్దన్నాడు. ఎందుకు పోకూడదో ఎవరన్నా చెప్పండి అన్నాడు. పాతికేళ్ల పిల్లలంతా పుస్తకాల్లో మొహాలు పెట్టారు. రెండో బెంచీలోంచి మహాలక్ష్మి లేచి, "మునిగిపోయేవాడి నెత్తిన ఇంకో బిందె కుమ్మరించినట్టవుద్ది సార్" అంది. సార్ నవ్వి, అందరిచేతా చప్పట్లు కొట్టించాడు.

ఆ చప్పట్లు ఇప్పుడు చెంపల మీద పడుతున్నట్టుంది.

"నీకేం తెలుసే?" అని అరిచింది. "మీరు బండిలో వస్తారు, బండిలో పోతారు. ఈ వీధిలో ఉండేది నేను. పోయిన వారం కోటమ్మకి సూది వెయ్యను, ఆసుపత్రికి పో అన్నా. ఏమందో తెలుసా? నాలుగు ఆదివారాలు పేట పోయొచ్చేసరికి మాలచ్చిమికి పొగరెక్కింది, ఇంక కాగితం చేతికొస్తే మన మొహాలు కూడా చూడదు అని పంపు దగ్గర అందరి ముందూ అంది. నిన్న పిచ్చియ్యన్న వచ్చాడు. నీరసంగా, ఆయాసంగా ఉంది చెల్లాయ్, ఒక సీసా ఎక్కించు, మళ్లీ బట్టీ కాడికి పోవాలి అన్నాడు. కాదని ఎట్టా అనేది?"

"నోటితో."

"ఏందే?"

"నోటితో అనాలి. వద్దని."

మహాలక్ష్మి చెయ్యి లేచింది. కూతురు కదల్లేదు, కళ్లు కూడా ఆర్పలేదు. లేచిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక కొప్పు సర్దుకుంది.

"నేను మెల్లగానే పెట్టొచ్చా," అంది, గొంతు తగ్గించి. "చుక్క చుక్కగా. గొట్టానికున్న చక్రం నాగమ్మ తిప్పి ఉంటది. తొందరగా అయిపోతే తొందరగా బలమొస్తదనుకునుంటది."

అబద్ధం ఎంత నునుపుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఒంటిగంటన్నర ఆటోకి డ్యూటీకి పోవాలి. సీసా అయ్యేదాకా కూర్చుంటే ఆటో పోతుంది. చక్రాన్ని పూర్తిగా తిప్పి తెరిచింది ఆమె బొటనవేలే. కాలు నొక్కాల్సిన బొటనవేలు.

హరిత లేచింది. చెప్పులేసుకుంది.

"యాడికి?"

"నాగమ్మత్త కట్టుబట్టలతో పోయింది. వాళ్లింట్లో నాలుగు చీరలు సర్ది పేట పంపిస్తా."

* * *

హరిత వెళ్లిన కాసేపటికి మహాలక్ష్మి మొగుడు బ్రహ్మాజీ వచ్చాడు. సున్నం లారీ నడిపే మనిషి. నిన్న సాయంత్రం నరసరావుపేట వెళ్లి రాత్రంతా ఆసుపత్రి వరండాలోనే ఉన్నాడు. గడ్డం మాసి, కళ్లు ఎర్రబడి ఉన్నాయి. కానీ నడకలో ఏదో గెలుచుకొచ్చిన ఊపు ఉంది.

"ఏమే, మంచినీళ్లియ్యి."

ఇచ్చింది. తాగి, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"చదువుకో."

ఎవరిచేతో రాయించిన ముత్యాల్లాంటి అక్షరాలు. *నా భర్త పిచ్చియ్యకు నీరసముగా ఉన్నందున మా ఇష్టపూర్వకముగా ఒకే ఒక సెలైను సీసా పెట్టించుకొన్నాము. పెట్టినవారు నెమ్మదిగానే పెట్టినారు. వారు వెళ్లిన పిదప చక్రమును నేనే తిప్పినాను. ఇందులో ఎవరి తప్పును లేదు.* కింద నీలం రంగు వేలిముద్ర. నాగమ్మది.

మహాలక్ష్మి గుండె మీదినుంచి బండరాయి దొర్లినట్టయింది. తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా, ఆ క్షణంలో తనకు కలిగింది సంతోషమేనని ఆమె ఒప్పుకోక తప్పలేదు.

"మీ డాక్టరుతో కూడా మాట్లాడా," అన్నాడు బ్రహ్మాజీ. "ఈ కాగితం ఆయన చేతికిస్తే నీ లెటరు ఇచ్చేస్తానన్నాడు. పేతురు చేత పంపిస్తాడు. పొయ్యి పరీక్ష రాసుకో."

"నాగమ్మొదినకి చదువు రాదుగా."

"రాదు కాబట్టే వేలిముద్ర."

"చదివి వినిపించావా?"

బ్రహ్మాజీ గ్లాసు బోర్లించాడు. "ఆసుపత్రి కాగితాలని చెప్పా. పొద్దుటినించి నర్సులు తెచ్చి ఇస్తానే ఉన్నారు, అది వేస్తానే ఉంది. వాటితోపాటు ఇదీ."

సంతోషం ఎలా వచ్చిందో అలాగే పోయింది.

"మొగుడు లోపల ఊపిరి కోసం కొట్టుకుంటంటే దాని చేత దొంగ వేలిముద్ర ఏయించావా? నిన్ను అన్నయ్యా అని పిలిచిద్దయ్యా అది!"

"ఎవరికోసం ఏయించా? నాకోసమా?" బ్రహ్మాజీ బల్ల మీద గుద్దాడు. గ్లాసు కింద పడి దొర్లింది. "రాత్రంతా దోమల్లో పడి ఉన్నది ఎవరికోసం? నువ్వు చేసిన పనికి నేను తిరుగుతన్నా. అది తప్పు, ఇది తప్పు అంటానికి తల్లీకూతుళ్లిద్దరూ తయారయ్యారు. చక్రం అది తిప్పలేదా ఏంది? నువ్వేగా చెప్పావు నాకు నిన్న!"

అవును. నిన్న భయంతో మొగుడికి తనే చెప్పింది. ఆ మాట ఇప్పుడు వేలిముద్ర వేయించుకుని వచ్చి, బల్ల మీద కూర్చుంది.

ఆమె చూపు ఇంకో మాట దగ్గర ఆగిపోయింది. *ఒకే ఒక సెలైను సీసా.*

"ఒకటి అని ఎవరు చెప్పారు?"

"నిన్న బండిలోకి ఎక్కించేటప్పుడు ఉన్నది ఒకటేగా. నాగమ్మ కూడా అదే చెప్పింది పేట ఆసుపత్రి డాక్టరమ్మకి. ఇంకేదన్నా చెబితే మాలచ్చిమి మీద కేసవుద్ది, నోరు మూసుకుని ఉండు అని నేనే చెప్పా. ఏం?"

"ఏం లేదు," అంది మహాలక్ష్మి.

* * *

హరిత గుమ్మంలోకి వచ్చేసరికి ఒక చేతిలో చీరల సంచి ఉంది. రెండో చేతిలో ఖాళీ సెలైన్ సీసా.

సీసా అడుగు కోసేసి ఉంది. మూతి చుట్టూ పురికొస. లోపల కొంచెం బురద నీరు. బట్టీల దగ్గరి ఇళ్లలో ఆడవాళ్లు ఖాళీ సీసాని పారెయ్యరు. అడుగు కోసి తలకిందులుగా కర్రకు కట్టి, నీళ్లు పోసి పూలమొక్క మొదట్లో చుక్కలు పడేలా చేస్తారు. ఎండాకాలంలో సున్నం దుమ్ము మధ్య మొక్క బతకాలంటే అదే దారి.

"నిన్న గోడకున్న సీసా నేను తీసి బండిలో పెట్టా," అంది హరిత. "అది ఆసుపత్రిలో ఉంది. మరి నాగమ్మత్త మల్లెమొక్కకి కట్టిన సీసా ఎప్పటిది?"

"పోయిన నెలదేమో," అన్నాడు బ్రహ్మాజీ.

"పురికొస కొత్తది నాన్నా. మూతికి ప్లాస్టర్ ముక్క ఉంది. దాని మీద అమ్మ రాసిన టైము ఉంది. ఉదయం తొమ్మిది. పేటలో నేర్చుకొచ్చింది గదా, టైము రాయటం? ఒక్క పాఠం బాగానే ఒంటబట్టింది."

ఆ ఎత్తిపొడుపుకు మహాలక్ష్మికి కోపం రావలసింది. రాలేదు. కోపమంతా తిరిగి తిరిగి వచ్చి తన మీదే కూర్చుంది.

తొమ్మిదింటికి ఒకటి పెట్టింది. ఆయాసం తగ్గలేదన్నాడు పిచ్చియ్య. అప్పుడైనా ఆగాల్సింది. అప్పుడైనా ఆ సున్నం కడిగి కాలు చూడాల్సింది. పన్నెండున్నరకు ఇంకొకటి తగిలించింది.

"రెండా?" బ్రహ్మాజీ లేచి నిలబడ్డాడు. "రెండు పెట్టావా? నాకు చెప్పలేదేందే?"

"పొద్దుట డాక్టరమ్మ నాకు ఫోన్ చేసింది," హరిత తండ్రిని పట్టించుకోలేదు. "ఒక్క సీసాకి, అందులోనూ కొంచెం మిగిలిపోయిన సీసాకి, మనిషి ఇంతగా మునిగిపోడు, ఇంకేదో ఉందంటంది. కిడ్నీలు పోయినయ్యేమో, పరీక్షలకి గుంటూరు పంపిద్దాం అంటన్నారు. మాస్కు మీద ఉన్న మనిషిని మళ్లీ బండెక్కించి! ఎన్ని నీళ్లు పోయినయ్యో తెలిస్తే అక్కడే మందులతో బయటికి లాగుతారమ్మా. నువ్వు చెప్పాలి."

"ఎవరూ ఏమీ చెప్పరు," అన్నాడు బ్రహ్మాజీ. ఒక్క అంగలో వచ్చి కూతురి చేతిలో సీసా గుంజాడు. హరిత వదల్లేదు. పురికొస తెగింది. బురద నీళ్లు ఇద్దరి మీదా చిందాయి. "రెండని చెబితే ఈ కాగితం ఎందుకు పనికొచ్చిద్ది? నాగమ్మ అబద్ధం చెప్పిందంటారు. నేను చెప్పించానంటారు. ఇంటిల్లిపాదీ పోలీస్ స్టేషన్లో కూకోవాలా?"

"మావయ్య పోతే?"

"నోరు ముయ్యి!"

"మావయ్య పోతే ఆ వేలిముద్ర నాగమ్మత్త మెడకి చుట్టుకునిద్ది నాన్నా. మొగుణ్ణి చక్రం తిప్పి చంపుకుంది అంటారు. ఆ మాట పట్టుకుని బతకాలి అత్త, బతికినన్నాళ్లూ!"

హరిత ఫోన్ మోగింది. బెంజిమిన్. స్పీకర్ నొక్కింది.

"పాపా, మీ మావయ్యని గుంటూరు తీసుకుపోటానికి బండి పెట్టమన్నారు. కాగితాలు రాస్తన్నారు. పావుగంట పట్టిద్దేమో. నాకైతే మనిషిని కదిలించాలంటే భయంగా ఉంది. డాక్టరమ్మ ఇక్కడే ఉంది, మాట్లాడతావా?"

హరిత ఫోన్ తీసుకొచ్చి బల్ల మీద, ఆ కాగితం పక్కన పెట్టింది. వెనక్కి తగ్గి గోడకు ఆనుకుంది.

"హలో?" అంది అవతల ఒక ఆడగొంతు. "హలో, హరితా?"

బ్రహ్మాజీ చెయ్యి ఫోన్ మీదికి పోయింది. మహాలక్ష్మి అంతకంటే ముందే తీసుకుంది.

"రెండు సీసాలు మేడం," అంది.

"ఎవరు మాట్లాడేది?"

"పొద్దున తొమ్మిదింటికి ఒకటి, పూర్తిగా ఎక్కింది. పన్నెండున్నరకి రెండోది. అందులో బలం సూది కలిపా. ఒంటిగంట దాటాక రెండోదాని చక్రం మొత్తం తెరిచింది నేనే. ఆ నాగమ్మ కాదు. ఆమె చెయ్యి కూడా పెట్టలేదు."

అవతల కాగితం మీద పెన్ను గీసుకుపోతున్న చప్పుడు. "బండి ఆపమనండి," అని ఎవరికో చెప్పింది డాక్టరమ్మ. మళ్లీ, "అప్పటికే కాళ్లు వాచి ఉన్నాయా?"

మహాలక్ష్మి కళ్లు మూసుకుంది.

"చూడలేదు మేడం."

"చూడాలని తెలియదా?"

"తెలుసు. చూడటం వచ్చు. చూడలేదు."

గోడకు ఆనుకున్న హరిత అక్కడే కింద కూలబడి మోకాళ్లలో తల పెట్టుకుంది. బ్రహ్మాజీ కూతురినీ భార్యనీ మార్చి మార్చి చూసి, "అయిపోయింది, అంతా అయిపోయింది" అని గొణిగాడు.

అప్పుడే వాకిట్లో బైకు ఆగింది. నర్సింగ్ హోమ్ కాంపౌండర్ పేతురు, హెల్మెట్ కూడా తీయకుండా గుమ్మంలోకి వచ్చి కవరు చాచాడు.

"అక్కా, సార్ సంతకం పెట్టేశారు. పద్దెనిమిదేళ్లు నర్సింగ్ అసిస్టెంటుగా చేశావని శుభ్రంగా రాశారు. ఆ వేలిముద్ర కాగితం ఇస్తే పట్టుకుపోతా."

బ్రహ్మాజీకి ప్రాణం లేచొచ్చింది. బల్ల మీది కాగితం కోసం చెయ్యి చాచాడు.

ఆ చెయ్యి చేరేలోపే మహాలక్ష్మి అరచెయ్యి కాగితం మీద పడింది. గట్టిగా నొక్కిపెట్టింది. అరచేతి కింద నాగమ్మ వేలిముద్ర. ఎదురుగా కవరు. చెవి దగ్గర ఫోన్.

"సరేనమ్మా, మీ వివరాలు రాసుకోవాలి," అంది డాక్టరమ్మ. "అసలు మీరెవరు? నర్సా?"

పద్దెనిమిదేళ్లుగా ఆ ప్రశ్నకు ఆమె దగ్గర ఒకటే జవాబు ఉండేది. ఆకుపచ్చ చీర కట్టుకుని, ఆయాని అని తల దించుకుని చెప్పే జవాబు. ఇవాళ అది చెబితే తప్పించుకోవచ్చు కూడా.

"హలో? ఉన్నారా? చెప్పండమ్మా, మీరెవరు?"

మహాలక్ష్మి తల ఎత్తింది.